పాములు తిరిగే ఊళ్లో వానకాలం: పెరటి నుంచి ఆస్పత్రి దాకా

మాది కృష్ణా డెల్టాలో సముద్రానికి దగ్గరగా ఉండే ఊరు. కాలవలకు నీళ్లు వదిలిన రోజు నుంచి సంక్రాంతి దాకా, చీకటి పడ్డాక గడప దాటే ప్రతి ఒక్కరినీ మా అమ్మ అడిగే మాట ఒకటే: "లైటు తీసుకున్నావా?" 2018 వానకాలంలో దివిసీమలో పాముకాట్లు బాగా పెరిగిపోయి, ఆగస్టులో మోపిదేవి సుబ్రహ్మణ్యేశ్వర స్వామి గుడిలో ప్రభుత్వం తరఫున సర్పశాంతి యాగం కూడా చేయించారు. యాగం సంగతి దేవుడికి తెలియాలి. ఆ ఏడాది మా వీధిలో మాత్రం రెండు మార్పులొచ్చాయి. కోళ్ల గూళ్లు ఇంటి గోడలకు దూరం జరిగాయి, దోమతెరల అంచులు పరుపుల కిందికి దోపడం మొదలైంది.

దేశంలో 2000 నుంచి 2019 దాకా పాముకాటుతో దాదాపు 12 లక్షల మంది చనిపోయారని ఒక అంచనా. అంటే ఏడాదికి సగటున 58 వేల మంది. అందులో సగం చావులు జూన్ నుంచి సెప్టెంబరు లోపే. ఎక్కువ మంది మనలాంటి పల్లెల వాళ్లే, ఇంటి దగ్గరో చేలోనో కాటుకు గురైనవాళ్లే. కాబట్టి కింద చెప్పే పనులన్నీ మృగశిర కార్తె రాకముందే మొదలుపెట్టండి.

మొదటి పని: ఏది ఏ పామో కాస్త తెలుసుకోండి

మన దగ్గర మనుషుల ప్రాణం తీసేవి ప్రధానంగా నాలుగు. నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి.

నాగుపాము పడగ విప్పితే చిన్నపిల్లలు కూడా గుర్తుపడతారు. విప్పకపోతేనే చిక్కు. జెర్రిపోతు కూడా అదే రంగులో, అంతే పొడవుగా, అంతకంటే వేగంగా పోతుంది. జెర్రిపోతుకి కళ్లు పెద్దవి, పెదవుల మీద నిలువుగా నల్లగీతలు ఉంటాయి. దానికి విషం లేదు, ఎలుకల్ని తినిపెడుతుంది. రెండు జెర్రిపోతులు మెలేసుకుని నిలువుగా లేస్తే "నాగుపాముతో జతకట్టింది" అని ఊరంతా చేరి చూస్తారు. అది రెండు పోతుల కుస్తీ, అంతే.

రక్తపింజరి డెల్టా పొలాల పాము. కొన్ని చోట్ల పొడపాము అంటారు. లావుగా, మందంగా ఉంటుంది. వీపు మీద గోధుమరంగు మచ్చలు గొలుసులా మూడు వరసల్లో ఉంటాయి. తల మూడు పలకలుగా ఉంటుంది. దగ్గరికెళ్తే కుక్కరు ఆవిరి వదిలినట్టు గట్టిగా బుస కొడుతుంది. అడుగుల చప్పుడు విన్నా చాలాసార్లు పారిపోదు, ఉన్నచోటే ఉంటుంది. దాంతో ఉన్న ప్రమాదమే అది. కొండచిలువ పిల్ల అనుకుని చేత్తో పట్టుకుని ఆస్పత్రి పాలైనవాళ్లున్నారు.

కట్లపాము నిగనిగలాడే నలుపు, మీద సన్నటి తెల్లని కట్లు. తోకవైపు కట్లు స్పష్టంగా ఉంటాయి, మెడ దగ్గర పెద్దగా కనపడవు. దీన్ని పోలిన విషం లేని పాము ఒకటుంది, దానికి కట్లు మెడ దగ్గర నుంచే మొదలై తోకవైపు మాసిపోతాయి. రాత్రిపూట టార్చి వెలుగులో ఈ తేడా చూసి తీర్పు చెప్పే సాహసం మాత్రం చేయకండి.

చిన్నపింజరి మెట్ట ప్రాంతాల పాము. రాయలసీమలో, తెలంగాణ రాళ్ల నేలల్లో రాయి ఎత్తితే కింద ఉంటుంది. మూరెడు కూడా ఉండదు గానీ కోపం జాస్తి. ఒంటి మడతల్ని ఒకదానికొకటి రాసి గరగరమని చప్పుడు చేస్తుంది.

ఇదంతా తెలిస్తే విషం లేని నీరుకట్టెని చూసి టెన్షన్ పడకుండా ఉంటారు, అంత వరకే దీని ఉపయోగం. కాటు పడ్డాక ఏ పామో తేల్చుకునే దాకా ఆగాల్సిన పని లేదు. ఈ నాలుగింటికీ ఆస్పత్రిలో ఇచ్చే విరుగుడు మందు ఒక్కటే.

రెండో పని: ఎలుకని ఇంటి నుంచి వెళ్లగొట్టండి

పాము మన కోసం రాదు, ఎలుక కోసం వస్తుంది. ఎలుక వడ్ల కోసం వస్తుంది. అందుకే వడ్ల దగ్గర నుంచి మొదలుపెడదాం.

ధాన్యం బస్తాలు నేల మీద, గోడకి ఆనించి వేస్తే వెనక ఉన్న సందు ఎలుకలకు ఇల్లవుతుంది. కింద చెక్క దిమ్మలు వేసి, గోడకి జానెడు ఎడం వదిలి పేర్చండి. ఆ సందులోకి టార్చి కొడితే అవతలి చివర కనపడాలి. తవుడు, నూకలు, దాణా మూత ఉన్న డబ్బాల్లో పోయండి.

కోళ్ల గూడు ఇంటి గోడకి ఆనుకుని ఉంటే రెండు విధాల పిలుపు. కింద రాలిన నూకలకి ఎలుకలొస్తాయి, గుడ్లకీ పిల్లలకీ పాములొస్తాయి. గూడుని పెరటి చివరకి జరపండి, అడుగుని నేలకి రెండడుగులు ఎత్తులో పెట్టండి. చిన్న కన్నాల జాలీ కొట్టండి. పెద్ద కన్నాల వల చుడితే పాము లోపలికి వెళ్లి, కోడిపిల్లని మింగి, లావై బయటికి రాలేక ఇరుక్కుంటుంది. పొద్దున్నే గుడ్ల కోసం చెయ్యి పెట్టేది మనమే. మా ఊళ్లో చేపల చెరువుల పాత వలలు కంచెకి చుట్టడం అలవాటు. వాటిలో చిక్కుకున్న పాముని విడిపించడం, ఊరికే తిరిగే పాముతో వేగడం కంటే కష్టం.

కట్టెలు, పిడకలు నాలుగు ఇటుకల మీద అరుగులా కట్టి దాని మీద పేర్చుకోండి. అవసరమైనవి పగలే తీసి పెట్టుకోండి. గడ్డివాములోంచి గడ్డి దూసేటప్పుడు ముందు కర్రతో నాలుగు దెబ్బలు వేసి, కాసేపాగి చెయ్యి పెట్టండి. పాత పెంకులు, ఇల్లు కట్టగా మిగిలిన ఇటుకల కుప్ప, విరిగిన తొట్టి, "ఎప్పటికైనా పనికొస్తాయి" అని దాచినవన్నీ మేలో ఒక రోజు కూర్చుని తేల్చేయండి. నాగుపాము గుడ్లు పొదిగేది, రక్తపింజరి పిల్లల్ని పెట్టేది అలాంటి చోట్లే. పింజరి గుడ్లు పెట్టదు, ఒక కాన్పులో 20, 30 పిల్లల్ని కంటుంది. పిల్లకీ పుట్టిన రోజు నుంచే విషం ఉంటుంది.

తర్వాత ఇల్లు. స్నానాల గది తూముకి జాలీ బిగించండి. తలుపు కింద చిటికెన వేలు పట్టే సందుంటే పిల్ల పాము కూడా పడుతుంది, రబ్బరు పట్టీ కొట్టించండి. కిటికీ మీదికి పాకిన తీగలు, పెంకుల మీదికి ఒరిగిన కొమ్మలు కొట్టేయండి. గోడ మొదట్లో కలుగు కనపడితే గాజు పెంకులూ సిమెంటూ కలిపి పూడ్చండి. ఉత్తి మట్టితో పూడిస్తే ఎలుక తెల్లారేసరికి మళ్లీ తవ్వుకుంటుంది.

ఇక చల్లేవాటి సంగతి. ఫినాయిలు, కిరోసిన్, వెల్లుల్లి నీళ్లు, బ్లీచింగ్ పౌడరు, పెరట్లో ఈశ్వరి మొక్క... ఇవేవీ పాముని ఆపవు. మా పిన్ని వాళ్లింట్లో ఫినాయిలు డబ్బా వెనకే కట్లపాము చుట్టుకుని ఉండగా చూశాను. ఆ డబ్బుతో జాలీ కొనుక్కోండి.

ఖర్చు లేని కాపలా ఒకటుంది. గోరింకలు నాలుగైదు ఒకే చోట చేరి కిందికి చూస్తూ గోలగా అరుస్తుంటే, ఉడుత తోక ఎగరేస్తూ ఆపకుండా టిక్ టిక్ మంటుంటే ఆ చెట్టు మొదట్లో పామో, పిల్లియో ఉందన్నమాట. మా పెరట్లో అవి చెప్పినన్ని సార్లు కుక్క కూడా చెప్పలేదు.

మూడో పని: పడక

కట్లపాము రాత్రి తిరుగుతుంది. నేల మీద పడుకున్న మనిషి పక్కలోకి చేరుతుంది. మనం కదిలితే కరుస్తుంది. కోరలు చిన్నవి కావడంతో చాలామందికి నొప్పి తెలియదు, గాటు కూడా కనపడకపోవచ్చు. తెల్లారుజామున కడుపునొప్పితో, గొంతు పట్టేసినట్టుండి లేస్తారు. కనురెప్పలు వాలిపోతుంటాయి. ఇంట్లోవాళ్లు రాత్రి తిన్నది పడలేదనుకుని సోడా పట్టిస్తారు. వానకాలంలో నేల మీద పడుకున్న మనిషి తెల్లవారుజామున ఇలా లేస్తే ముందు పాముకాటునే అనుమానించండి.

అందుకని మంచం తప్పనిసరి. నులక మంచమైనా సరే, నవారు మంచమైనా సరే, గోడకి జానెడు ఎడంగా వేయండి. దుప్పటి అంచులు నేలకి వేలాడకూడదు. దోమతెర కట్టి, అంచుల్ని నాలుగు వైపులా పరుపు కిందికి దోపండి. దోపే ముందు లోపల ఒకసారి లైటు వేసి చూడండి. మంచాలు చాలకపోతే నేల మీద పడుకున్నవాళ్లకు కూడా తెర కట్టి, అంచుల్ని చాప కిందికి నొక్కండి. డబ్బు పరిమితంగా ఉండి, ఈ మొత్తంలో ఒక్కటే చేయగలమంటే నేను దోమతెరకే ఓటేస్తాను. దోమలు కూడా తగ్గుతాయి.

టార్చి దిండు పక్కన ఉండాలి, తెర లోపల. కాలు కింద పెట్టే ముందు నేల మీద వెలుగు పడాలి. ఫోను లైటు ఇంట్లోకి సరిపోతుంది, పెరట్లోకి చాలదు.

నాలుగో పని: చేలో

గంబూట్లు కొనుక్కోండి. గట్ల మీద నడకకి, నీళ్లు కట్టడానికి, మందు కొట్టడానికి అవి చాలు. నాట్లకి మాత్రం పనికిరావు, బురదలో కూరుకుపోతాయి. నాటు వేసే ఆడవాళ్లకి బూట్లు వేసుకోమని సలహా ఇచ్చేవాళ్లు ఒక్క రోజు మడిలోకి దిగి చూడాలి. వాళ్లకి చేయగలిగింది ఏంటంటే, పని మొదలవ్వక ముందే గట్టు మీద గడ్డి కోయించి, నారుకట్టలు, అన్నం క్యారియర్లు పెట్టే చోటు శుభ్రం చేయించడం.

రాత్రి మోటారు దగ్గరికి వెళ్లాల్సి వస్తే ఒక చేతిలో లైటు, ఒక చేతిలో కర్ర. నడుస్తూ కర్రతో నేల తట్టండి. ఆ అదురుకి నాగుపాము, జెర్రిపోతు తప్పుకుంటాయి. పింజరి తప్పుకోదు, దాన్ని మన కళ్లే చూడాలి. స్టార్టరు డబ్బా మూత తీసే ముందు రెండు సార్లు తట్టండి. వానల్లో పొడిగా ఉండే చోటు అదొక్కటే కదా, బల్లులూ కప్పలూ దాంట్లోకే చేరతాయి, వెనకాలే పాము.

కోతలప్పుడు పనల (కోసి పరిచిన పైరు) కింద పింజరి ఉంటుంది. పన ఎత్తేటప్పుడు అవతలి అంచుని కర్రతో మన వైపుకి లేపాలి. అలా చేస్తే సందు అవతలి వైపు తెరుచుకుంటుంది, కింద ఉన్నది అటే పోతుంది. మన వైపు అంచు లేపితే నేరుగా కాళ్ల మీదికే దారి ఇచ్చినట్టు. రాయి, దుంగ, టార్పాలిన్ ఏది లేపినా ఇదే పద్ధతి. మా నాన్న నాకు నేర్పిన వ్యవసాయంలో ఎప్పుడూ తప్పనిది ఇదొక్కటే.

పిల్లలకి గట్టిగా చెప్పాల్సింది: పీతల కోసం గట్టు బొరియల్లో చెయ్యి పెట్టొద్దు. పీత ఖాళీ చేసిన బొరియలో ఎవరు అద్దెకి దిగారో బయటి నుంచి తెలియదు.

ఐదో పని: ఇంట్లోకి పాము వస్తే

కర్ర కోసం వెతక్కండి. పాముని కొట్టబోయి కాటు తిన్నవాళ్లు తక్కువేమీ కాదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం చాలా పాముల్ని చంపడం నేరం కూడా.

పిల్లల్నీ కుక్కనీ బయటికి పంపండి. ఒకరు ఆరేడు అడుగుల దూరంలో నిలబడి కళ్లు తిప్పకుండా దాన్నే చూస్తూ ఉండాలి. ఏ బీరువా కిందికి పోయిందో తెలియని పాము కంటే ఎదురుగా కనపడే పాము నయం. లోపలి గదుల తలుపులు మూసి కింద గుడ్డలు కుక్కండి, బయటి తలుపు బార్లా తెరవండి. మనం గోల చేయకపోతే చాలాసార్లు అదే దారిన అదే పోతుంది. పోకపోతే పాములు పట్టేవాళ్లకి ఫోను చేయండి. వాళ్ల నంబరు, అటవీ శాఖ రేంజి ఆఫీసు నంబరు వానలకి ముందే గోడ మీద రాసి పెట్టుకోండి. హైదరాబాదు చుట్టుపక్కల వాళ్లకి ఫ్రెండ్స్ ఆఫ్ స్నేక్స్ సొసైటీ ఉంది. పల్లెల్లో చాలా చోట్ల ఒకరిద్దరు కుర్రాళ్లు పడుతుంటారు. వాళ్లలో పాముని మెడలో వేసుకుని వీడియో తీయించుకునేవాళ్లని మాత్రం పిలవకండి. కొక్కెం, సంచి తెచ్చుకుని, పని చూసుకుని పోయేవాళ్లు కావాలి.

ఎవరైనా చంపేసి ఉంటే తల దగ్గర చెయ్యి పెట్టొద్దు. తెగిన తల కూడా కాసేపటి దాకా కాటేయగలదు.

ఆరో పని: కాటు పడితే

మా బాబాయిని పింజరి కరిచినప్పుడు ఊళ్లో పసరు మందు ఇచ్చే ఒకాయన దగ్గర ముప్పావు గంట పోయింది. వేపాకు నమిలించాడు, "చేదుగా ఉందా?" అన్నాడు. "ఉంది" అన్నాడు బాబాయి. "అయితే విషం ఎక్కలేదు" అన్నాడు ఆయన. అప్పటికే పాదం బూరెలా పొంగింది. రక్తపింజరి విషం నెత్తురు గడ్డకట్టే గుణాన్ని దెబ్బతీస్తుంది. నాలుకకి చేదు, పచ్చిమిరపకాయ కారం తెలుస్తూనే ఉంటాయి. బాబాయి బతికాడు గానీ రెండు వారాలు డయాలసిస్ చేయాల్సి వచ్చింది.

మంత్రం వేసేవాళ్లకి పేరు ఎలా వస్తుందంటే, చాలా కాట్లు విషం లేని పాములవే. విషపాము కూడా కొన్నిసార్లు విషం వదలకుండా కరుస్తుంది. ఆ రోగులు ఏం చేయకపోయినా బతికేవాళ్లే.

చేయాల్సింది ఇది. మనిషిని పాముకి దూరంగా జరిపి, ఉన్నచోటే కూర్చోబెట్టండి లేదా పడుకోబెట్టండి. నడవనివ్వద్దు, పరిగెత్తనివ్వద్దు. కండరం కదిలిన కొద్దీ విషం పాకుతుంది. ఉంగరాలు, గాజులు, పట్టీలు, మెట్టెలు, మొలతాడు వెంటనే తీసేయండి, వాపు వచ్చాక తీయలేరు. కరిచిన కాలికో చేతికో కర్రముక్క గానీ చుట్టిన పేపరు గానీ ఆనించి, ఎముక విరిగితే కట్టినట్టు వదులుగా గుడ్డ చుట్టండి. ఎన్ని గంటలకి కరిచిందో రాసుకోండి. వాపు ఎంత దాకా వచ్చిందో పెన్నుతో గీత గీసి పక్కన టైము వేస్తే డాక్టరుకి చాలా పనికొస్తుంది. 108కి ఫోను చేయండి. అది ఆలస్యమయ్యేట్టుంటే మోటారు సైకిలు మీద మధ్యలో కూర్చోబెట్టి, వెనక ఒకరు పట్టుకుని తీసుకెళ్లండి. దారిలో వాంతులైతే ఎడమ పక్కకి తిప్పి పడుకోబెట్టాలి.

తాడు బిగించి కట్టొద్దు. కోయొద్దు, నోటితో పీల్చొద్దు, ఐసు పెట్టొద్దు, సారా పట్టొద్దు, కోడిపిల్లల్ని గాటుకి ఆనించొద్దు. నొప్పికి ఇంట్లో ఉన్న మాత్రలు వేయొద్దు, వాటిలో కొన్ని రక్తస్రావం పెంచుతాయి. ఎవరైనా ముందే తాడు గట్టిగా కట్టేసి ఉంటే దారిలో తెంపేయకుండా ఆస్పత్రిలో డాక్టరు ముందే విప్పించండి. ఒక్కసారిగా విప్పితే ప్రమాదం. పాముని పట్టుకెళ్లాల్సిన పని లేదు. దూరం నుంచి ఫోటో దొరికితే సరే, లేకపోతే వదిలేయండి.

ఏడో పని: ఏ ఆస్పత్రికి, అక్కడ ఏమవుతుంది

ఇది మేలోనే తెలుసుకోవాలి. మీ ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో (పీహెచ్‌సీ) విరుగుడు మందు ఉందా, రాత్రి డాక్టరు ఉంటారా, లేకపోతే దగ్గర్లో ఏ ఏరియా ఆస్పత్రిలో ఉంటుంది అని ఆశా కార్యకర్తని అడగండి. ప్రభుత్వ ఆస్పత్రుల్లో ఈ మందు ఉచితం. నాగుపాము, కట్లపాము కాట్లలో ఊపిరి ఆగే ప్రమాదం ఉంటుంది కాబట్టి వెంటిలేటరు ఎక్కడుందో కూడా కనుక్కోండి. పింజరి అయితే డయాలసిస్.

అక్కడికి వెళ్లగానే ఇంజక్షన్ ఇవ్వకపోతే గొడవ పడకండి. కాస్త నెత్తురు తీసి, పొడి గాజు గొట్టంలో పోసి 20 నిమిషాలు కదపకుండా ఉంచుతారు. తర్వాత వంచి చూస్తారు. గడ్డకట్టకుండా నీళ్లలా కారితే పింజరి విషం ఎక్కిందని లెక్క. రెప్పలు వాలుతున్నాయా, మింగగలుగుతున్నారా, వాపు పాకుతోందా అని చూస్తారు. విషం గుర్తులు కనపడ్డాకే సెలైనులో కలిపి మొదటి విడతగా సాధారణంగా 8 నుంచి 10 సీసాలు ఎక్కిస్తారు. పిల్లలకైనా అదే మోతాదు, ఎందుకంటే పాము వదిలే విషం పిల్లలకో కొలత, పెద్దలకో కొలత ఉండదు. మందు గుర్రాల రక్తం నుంచి తయారవుతుంది కాబట్టి కొందరికి దద్దుర్లు, వణుకు, ఆయాసం వస్తాయి. వెంటనే నర్సుకి చెప్పాలి. ఈ మందు ఇంట్లో తెచ్చిపెట్టుకునేది కాకపోవడానికి కారణం ఇదే.

ఏ గుర్తులూ లేకపోయినా 24 గంటలు అక్కడే ఉండండి. "బాగానే ఉన్నాను, ఇంటికెళ్తా" అని అర్ధరాత్రి లేచొచ్చేయడం కట్లపాము విషయంలో ప్రాణం మీదికి తెస్తుంది.

వచ్చేటప్పుడు కేస్ షీటు, డిశ్చార్జి కాగితం జాగ్రత్తగా తెచ్చుకోండి. బ్యాంకులో ఏడాదికి 20 రూపాయలు కట్టే ప్రధానమంత్రి సురక్షా బీమా ఉన్నవాళ్లకి, పాముకాటుతో ప్రాణం పోతే ఆ కుటుంబం 2 లక్షలు అడగడానికి ఆస్పత్రి రికార్డే ఆధారం. పసరు మందు దగ్గర కాగితాలుండవు.

ఇంటికొచ్చాక వారం పది రోజులకి జ్వరం, కీళ్లనొప్పులు, దురద మొదలైతే అది మందు వల్ల వచ్చిన ఇబ్బంది కావచ్చు, అదే ఆస్పత్రికి వెళ్లి చెప్పండి. మూత్రం తగ్గినా, ఎర్రగా వస్తున్నా ఆ రోజే వెళ్లాలి, మర్నాటి దాకా చూడొద్దు.